మనుమని చేతియంత్రములోని వేట



మా జహీరాబాదు చుట్టుపట్ల పల్లెలలో సాయంకాలము రచ్చబండ మీద పెద్దలు చేరినపుడు ఈ నడుమ తరచుగా వినవచ్చు ఫిర్యాదు ఒకటి కలదు. “మా మనుమడు ఎప్పుడు చూచినను ఆ యంత్రములో తల దూర్చి కూర్చుండును. పిలిచిన పలుకడు. ఏమి చేయుచున్నావురా యని అడిగిన, జంతువులను పట్టుచున్నాననును. ఎక్కడి జంతువులు? ఏమి పట్టుట?” ఈ ప్రశ్నకు నాకు తెలిసినంతవరకు సమాధానము చెప్పుటయే నేటి నా ప్రసంగము.

నేను తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి గొన్నవాడను. శబ్దమంజరియు అమరకోశమును వల్లించి పెరిగినవాడను. యంత్రములతో నాకు పరిచయము తక్కువ. పోయిన వేసవిలో నా మనుమడు సెలవులకు వచ్చి నెల దినములు నా యొద్ద నుండెను. అమెరికాలోనున్న వాని మేనమామ తాను చిన్ననాడు ఆడుకొన్న గేమ్ బాయ్ అను చేతియంత్రమును వానికి ఇచ్చియుండెను. మొదట నేనును మీవలెనే కోపపడితిని. పిదప, తెలియనిదానిని నిందించుట చదువుకొన్నవానికి తగదని తోచి, వాని ప్రక్కన చాప వేసికొని కూర్చుంటిని. వాడు గురువు, నేను శిష్యుడను. పది దినములలో వాడు నాకు చెప్పిన పాఠమునే మీకు అప్పగించుచున్నాను.

ఆ యాట పేరు పోకేమాన్. పాకెట్ మాన్‌స్టర్స్ అను రెండు ఇంగ్లీషు మాటలను కుదించి చేసిన పేరది. జేబులో ఇముడు వింతజీవులని అర్థము. ఇది జపాను దేశమున 1996వ సంవత్సరము ఫిబ్రవరి 27వ తేదీన వెలువడినది. ఆడువాడు ఒక బాలుని రూపమున ఊరి నుండి ఊరికి నడచిపోవుచుండును. గడ్డిలో అడుగిడినను, గుహలో తిరిగినను, నీటి మీద పోయినను ఏదో యొక వన్యజీవము ఎదురగును. దానిని పట్టి, పెంచి, పోరాటము నేర్పి, వెంట గొని పోవలెను. మొదటి యాటలో అట్టి జీవములు నూటయేబది. వానికి తోడు రహస్యముగా దాచినది మరియొకటి.

ఈ కల్పన ఎవనికి, ఏల తోచినదో ముందుగా చెప్పవలెను. అది తెలియనిచో మిగిలినదంతయు పిల్లచేష్టగనే కనబడును.

ఆటను కల్పించినవాడు సతోషి తజిరి అను జపాను దేశీయుడు. 1965లో జన్మించి, టోక్యో నగరపు శివారునందలి మచిదా అను ఊరిలో పెరిగెను. అతని బాల్యమున అచ్చట పొలములు, కుంటలు, చెట్లగుంపులు ఉండెడివి. అతనికి పురుగులను పట్టుటయందు ప్రాణము. తోడి బాలురు అతనిని పురుగుల డాక్టరని పిలిచెడివారట. వారు చెట్టు బెరడునకు తేనె పూసి పెంకుపురుగులకై కాచుకొనియుండగా, ఇతడు చెట్టు మొదట ఒక రాయి ఉంచి ఇంటికి పోయెడివాడు. ఆ పురుగులు పగటివేళ రాతి క్రింద నిద్రించునని ఇతడు కనిపెట్టెను. ఉదయమున వచ్చి రాయి ఎత్తిన చాలును, పురుగు చేత చిక్కెడిది.

పిదప నగరము పెరిగెను. పొలములు తారు క్రిందను, సిమెంటు క్రిందను కప్పబడినవి. చేపలు పట్టుకొను కుంట యున్నచోట డబ్బులు వేసి ఆడు యంత్రములశాల వెలసినది. పురుగులు లేకపోయినవి. బాలుడు ఆ యాటశాలలోనే దూరి, యంత్రములను నేర్చి, పెద్దవాడై ఆటలు తయారుచేయు వృత్తి చేపట్టెను. రెండు చేతియంత్రములను కలుపు తీగను చూచినపుడు, ఆ తీగ వెంట పురుగులు ఒక పెట్టె నుండి మరియొక పెట్టెకు ప్రాకిపోవుచున్నట్లు అతనికి తోచెనట. ఆరేండ్లు శ్రమించి ఆ తలపునే ఆటగా మలచెను. తాను పొలములో పొందిన సంతోషమును, పొలము లేని పిల్లలకు అందింపవలెనని అతని కోరిక.

ఇక పట్టుట యెట్లో వినుడు. ఆట ఆరంభమున ఎదురగు జీవములు బలహీనములు. వానిని పట్టుట సులభము. అసలు విద్య కనబడునది తుది ఘట్టముననే. అందుచేత మనుమడు నాకు చూపిన తుది మార్గమునే వర్ణించెదను.

బాలుడు ఎనిమిదిచోట్ల ఎనమండుగురు ఉద్దండులను గెలిచి ఎనిమిది బిళ్లలు సంపాదించును. పిదప 23వ మార్గము అను దారి పట్టును. దారి పొడవునను కావలివారు నిలిచి, ఒక్కొక్క బిళ్లను అడిగి చూచి గాని ముందుకు పోనీయరు. ఈ మార్గపు కొసను విజయమార్గము అను గుహ. అందు బండలను త్రోసి, మీటల మీదికి దొర్లించి త్రోవ చేసికొనవలెను. గుహ కావల ఇండిగో పీఠభూమి. అచ్చట నలుగురు మహావీరులతోను, వారి పిదప నాయకునితోను కడపటి పోరు. ఊరికి దూరము, వెనుదిరుగుట కష్టము, జీవములు బలిసినవి. మన పెద్దలు కాశీయాత్రలో చివరి మజిలీని గూర్చి చెప్పినట్లుండును.

ఈ మార్గపు గడ్డిలో ఎదురగు జీవములను చూచి పండితుడనైన నాకు ముచ్చట వేసినది. స్పియరో అను పిచ్చుకవంటి కోపిష్ఠి పక్షి యొకటి. అది యెదిగిన ఫియరో అను పొడుగుముక్కుది. ఎకాన్స్ అను పాము. ఇంగ్లీషులో పామును స్నేక్ అందురుగదా. ఆ యక్షరములను వెనుక నుండి ముందుకు చదివిన ఎకాన్స్ అగును. అది యెదిగి పడగవిప్పిన ఆర్బాక్ అగును. అదియు నాగుపాము పేరునకు త్రిప్పుడే. మన విలోమకావ్యములు వ్రాసినవారు చూచిన మెచ్చుకొందురు. డిట్టో అను మరియొకటి పిండిముద్దవలె నుండి, ఎదుటివాని రూపమును తాను దాల్చును. పురాణములలో కామరూపులను గూర్చి ఏండ్ల తరబడి పిల్లలకు చెప్పితిని. ఇన్నాళ్లకు మనుమడు నాకొకదానిని చూపెను. గుహలో రాతిగుండ్లవంటి జియోడ్యూడ్, గబ్బిలమువంటి జూబాట్, బండలు గ్రుచ్చిన సర్పమువంటి ఆనిక్స్ కనబడును. గుహ నడుమ ఒకచోట మోల్ట్రెస్ అను అగ్నిపక్షి కూర్చుండియుండును. అది ఒక్కటియే. పోరులో అది మూర్ఛిల్లెనా, మరల ఆ యాటలో కనబడదు.

పట్టుసాధనము చిన్న గోళము. ఇందు తరములు కలవు: సాధారణమైన పోకే బాల్, దానికంటె మేలైన గ్రేట్ బాల్, అంతకంటె మేలైన అల్ట్రా బాల్. మాస్టర్ బాల్ అనునది ఎన్నడును తప్పదు, కాని ఆటలో ఒక్కటియే లభించును. మా మనుమడు దానిని మ్యూటూ అను ఇంకను గొప్ప జీవము కొరకు దాచి, అగ్నిపక్షికి అల్ట్రా బాల్‌లనే యుంచెను.

నాకు మొదట ఇది జూదమని తోచినది. “గోళము విసరుదువు, పడిన పడును, లేకున్న లేదు. ఇందు విద్య యేమిరా?” అని యడిగితిని. వాడు నోటుపుస్తకము తెచ్చి లెక్క చూపెను. ఆ లెక్క మీకును చెప్పెదను. మొదటి యాటకు సంబంధించినంతవరకు ఇది సరియైనది.

ఒక్కొక్క జీవమునకు యంత్రములో ఒక సంఖ్య యేర్పరచినారు. అది హెచ్చైన కొలది జీవము సులభముగా చిక్కును. గరిష్ఠము 255. స్పియరోకును ఎకాన్స్‌కును 255. ఫియరోకును ఆర్బాక్‌కును 90. ఆనిక్స్‌కు 45. డిట్టోకు 35. అగ్నిపక్షికి మూడే.

గోళము విసరినపుడు జీవము రెండు గడపలు దాటి లోపల పడవలెను. మొదటి గడప వద్ద యంత్రము చీటి తీసినట్లు ఒక యంకె తీయును. పోకే బాల్‌కు సున్న మొదలు 255 వరకు, గ్రేట్ బాల్‌కు 200 వరకు, అల్ట్రా బాల్‌కు 150 వరకు. ఆ యంకె జీవమునకు ఏర్పరచిన సంఖ్యను మించరాదు. మించినచో అది గోళము నుండి తప్పించుకొనును. కావున మేలైన గోళమనగా తక్కువ చీటీలు గలదని తెలియవలెను. అగ్నిపక్షి మీద అల్ట్రా బాల్ విసరితిమనుకొందము. సున్న మొదలు 150 వరకు 151 అంకెలు. అందు సున్న, ఒకటి, రెండు, మూడు, ఈ నాలుగు మాత్రమే మనకు అనుకూలములు.

కాని ఆ పక్షిని ముందుగా నిద్రపుచ్చితిమేని, వచ్చిన యంకె 25 కంటె తక్కువయైనచో రెండవ గడపతో పని లేకయే పక్షి చిక్కును. అనగా ఇరువదియైదు అంకెలు సంపూర్ణముగా మనవి. పైని మరి నాలుగు అంకెలకు రెండవ గడప యొద్ద అవకాశము కలదు. మేలుకొన్నపుడు నాలుగు, నిద్రించినపుడు ఇంచుమించు ఇరువదితొమ్మిది. మంచుచే గడ్డకట్టించినను ఇదే ఫలము. విషము పెట్టుట, కాల్చుట, కొయ్యబార్చుట అనువానికి ఇందు సగము ప్రయోజనమే. అచ్చట మినహాయింపు 25 గాక 12. హింస కంటె నిద్రయే రెండింతలు మేలని లెక్క చెప్పుచున్నది.

రెండవ గడప దేహబలమునకు సంబంధించినది. జీవము అలసిన కొలది చిక్కుట సులభమగును. ఐతే దీనికొక హద్దు కలదు. అల్ట్రా బాల్ వాడునపుడు బలము ఇంచుమించు మూడవ వంతునకు దిగినచో ఆ గడప పూర్తిగా తెరచినట్లే. అంతకు మించి కొట్టినందువలన రవ్వంత లాభమును లేదు. పైగా ఒక దెబ్బ హెచ్చైనచో జీవము మూర్ఛిల్లును. మూర్ఛిల్లిన దానిని పట్టరాదు. నేనొకమారు యంత్రము చేతబుచ్చుకొని ఒక ఆర్బాక్‌ను ఉత్సాహముగా కొట్టుచుండగా మనుమడు నా మణికట్టు పట్టుకొనెను. “తాతా, ఆగు! ఇంకొకటి కొడితే పడిపోతది. పడిపోతే మనకు దొరకదు.” నేను బడిలో బెత్తము పట్టినవాడను. ఆ మాట నాకు మరియొక యర్థమున తాకినదని మీతో దాచనేల?

మార్గమున మరి రెండు జాగ్రత్తలు కలవు. రిపెల్ అను మందు చల్లుకొన్నచో, మన ముందు నడచు జీవము కంటె తక్కువ స్థాయి గలవి దరికి రావు. కావున కోరిన స్థాయిగల జీవమును ముందు నడపి, చిల్లరవానిని తప్పించి, గట్టివానినే వెదకవచ్చును. రెండవది, పట్టినవానిని ఉంచుటకు చోటుండవలెను. వెంట నడచునవి ఆరు. మిగిలినవి పెట్టెలోనికి పోవును. పెట్టెకు ఇరువదియే. ఆ పెట్టె నిండినచో గోళము విసరుటకే వీలుపడదు. మా మనుమడు గుహ సగము దాటి అగ్నిపక్షి ముంగిట నిలిచిన తరువాత ఈ సంగతి జ్ఞాపకము వచ్చి, తల బాదుకొని, ఆ దారియంతయు వెనుకకు పోయి పెట్టె మార్చుకొని వచ్చెను. ధాన్యము వచ్చు ముందే గాదె చూచుకొనవలెనని మనమందుము. వాడు ఆ దినమున అది నేర్చెను.

ఇంకొక వింత కలదు. ఈ యాట ఎర్రది, నీలిది అని రెండు ప్రతులుగా వచ్చినది. 23వ మార్గపు గడ్డిలో ఎర్రప్రతి వానికి పాము దొరకును. నీలిప్రతి వానికి అదే గడ్డిలో పాము దొరకదు, మన అలుగువంటి సాండ్‌ష్రూ దొరకును. ఎవడును ఒంటిగా అన్నిటిని కూర్చజాలడు. పొరుగువానితో మైత్రి చేసి, తీగ కలిపి, ఇచ్చి పుచ్చుకొనవలెను. చిన్నయసూరి మిత్రలాభములో చిత్రగ్రీవుని పావురములన్నియు ఒక్కమారుగా ఎగిరి వలతో సహా తప్పించుకొనిన కథ మనమందరము చదివితిమి. అచ్చట పట్టుబడినవారికి మైత్రి యక్కరకు వచ్చినది. ఇచ్చట పట్టువారికి వచ్చినది.

ఈ పాఠమంతయు వినుచుండగా నా మనస్సు ఏబదియేండ్లు వెనుకకు పోయినది.

1970 ప్రాంతమున నాకు పదియేండ్లు. పంటలు కోసిన పిమ్మట పిట్టలవారు మా యూరి వెలుపలి చింతతోపులో గుడిసెలు వేసికొనెడివారు. వారిలో ఒక ముసలివాడు కౌజుపిట్టలను పట్టుటలో సిద్ధహస్తుడు. తెల్లవారుజామున ఒక పంజరముపై గుడ్డ కప్పి పొదల నడుమ నుంచెడివాడు. లోపలిది పెంచిన కౌజు, దీమపు పిట్ట. చుట్టును సన్నని ఉచ్చులు పన్ని, తాను దూరముగా పొదచాటున కదలక కూర్చుండెడివాడు. వెలుతురు రాగానే దీమపు పిట్ట కూసెడిది. మా యూరి ముసల్మాను సోదరులు ఆ కూతలో “సుభాన్ తేరీ కుద్రత్” అని దైవస్తుతి విందురు. ఆ పొదలు తనవని తలచు అడవికౌజు ఆ కూతకు రోషపడి, పరుగున వచ్చి, ఉచ్చులో కాలు పెట్టెడిది. ఏ నేలపై ఏ పిట్ట తిరుగును, ఏ వేళ కూయును, గాలి ఎటు వీచుచున్నది, ఇవన్నియు ఆ ముసలివానికి కరతలామలకములు. చెట్టు క్రింద రాయి పెట్టిన ఆ జపాను బాలునికిని, ఈ ముసలివానికిని విద్య యొక్కటియే. పట్టదలచినవాడు ముందు చూచుట నేర్వవలెను.

నేను ఏడ్చి మొగముపెట్టగా మా నాయనగారు అర్ధరూపాయి యిచ్చి ఒక కౌజుపిల్లను కొనిపెట్టిరి. వెదురుబుట్ట క్రింద మూసి, బియ్యపు నూకలు పోసి, గంట గంటకు బుట్ట ఎత్తి చూచుచుంటిని. అది మూల నొదిగి కూర్చుండెను. మూడవనాటి యుదయమున బుట్ట ఎత్తగా కాళ్లు చాచి పడియుండెను. ముసలివాని యొద్దకు పరుగెత్తి చెప్పితిని. వాడు నన్ను ఓదార్చలేదు. “మన్నుల పొర్లనియ్యకుంటే గది బతుకదు, పటేలా. పిల్లకు చెదలు ఏరి పెట్టాలె. నూకలు తిని ఎట్ల పెరుగుతది?” అనెను. పట్టుట యొక విద్య, బ్రతికించుట మరియొక విద్య. మొదటిది కొనవచ్చును, రెండవది కొనరాదు. ఈ సంగతి నేనిన్నాళ్లు ఎవరికిని చెప్పలేదు. మనుమని పెట్టెలలోని జీవములు ఆకలి లేక, మన్ను లేక, చావు లేక యుండుట చూచి నాకు ఆ బుట్ట జ్ఞాపకము వచ్చినది.

శ్రోతలారా! ఇచ్చట ఒక ముఖ్యవిషయము. 1972లో మన దేశమున వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. ఆ చట్టము ప్రకారము వేట యనగా చంపుట మాత్రమే కాదు. ఉచ్చు పన్నుట, వల వేయుట, పట్టుట, గూళ్లను గ్రుడ్లను పాడుచేయుట, అన్నియు వేటయే. కౌజులను, పూరేళ్లను పట్టుట నేరము. మన పూర్వులును సప్తవ్యసనములలో వేటను చేర్చిరి. కనుక మీ మనుమడు యంత్రములో పట్టిన ఉత్సాహముతో పొలములో ఉచ్చు పన్నినచో, నవ్వి యూరకుండకుడు. మెల్లగా చెప్పి మాన్పింపుడు. అదే సమయమున, యంత్రములోని వేటకు ఏ పిట్టయు చావదను మాటను కూడ న్యాయముగా ఒప్పుకొనవలెను.

అటులైన యంత్రమే మేలని, పిల్లవానిని దానికే వదలివేయవచ్చునా? వదలరాదని నా మనవి. కారణము చెప్పెదను.

ఈ యాట పొలము పోగొట్టుకొన్నవాడు చేసినది. పొలము లేనిచోట అది పొలమునకు బదులు. మనకు పొలము ఇంకను కలదు. మా జహీరాబాదు ప్రాంతపు ఎర్రనేలలలో జొన్న, కంది, కొర్ర, సామ మొదలగు వానిని ఒకే చేనిలో కలిపి చల్లు సంప్రదాయము నేటికిని పూర్తిగా పోలేదు. ఆ చేలగట్ల మీది పొదలలోనే కౌజు తిరుగును. ఐనను కాలము మారుచున్నది. న్యాలకల్, ఝరాసంగం మండలములలో జాతీయ పెట్టుబడుల, ఉత్పత్తుల మండలమునకై సుమారు 12,635 ఎకరముల నేల నిర్ణయింపబడినది. 2016లో కేంద్ర ప్రభుత్వపు ఆమోదము లభించినది. యువకులకు పనులు కావలెను. కర్మాగారములను నేను నిందింపను. మచిదా కుంటల మీద ఆటశాలలు కట్టినవారును దుర్మార్గులు కారు. కాని, ఉన్నపుడు చూడనిదానిని లేనపుడు తలచుకొనుట యెట్లు? ఆ జపాను బాలునికి తలచుకొనుటకు బాల్యమైన నుండెను. మన పిల్లలకు తలచుకొనుటకు యంత్రము తప్ప మరేమియు మిగులనిచో ఆ తప్పు యంత్రముది కాదు. చేయి పట్టుకొని పొలమునకు తీసికొనిపోని మనది.

నేనేమి చేసితినో చెప్పి ముగించెదను. ఆ యాటలో పోకేడెక్స్ అను చిట్టాపుస్తకము కలదు. అందు రెండు లెక్కలుండును: చూచినవి ఎన్ని, పట్టినవి ఎన్ని. దానిని చూడగానే నాకొక యుపాయము తోచినది. మనుమనికి నూరుపుటల నోటుపుస్తకము కొనియిచ్చి, “ఇందు ఒకటే లెక్క. చూచినవి మాత్రము వ్రాయుము. పట్టినవాని గడి మనకు లేదు” అంటిని. యంత్రమునకు మధ్యాహ్నము ఒక గంట, ఎండ గనుక. తెల్లవారుజాము నాది.

మొదటి మూడు దినములు వాడు నిద్రమొగముతో సణుగుచు వచ్చెను. నాలుగవనాడు గట్టు మీద కూర్చుండియుండగా పొదలో కౌజు కూసెను. అది కనబడలేదు, కూత మాత్రము వినబడినది. వాడు నా మోకాలు నొక్కి, కదలవద్దని సైగ చేసెను. కదలక కూర్చుండుట వానికి ఎవరు నేర్పిరి? నేను నేర్పలేదు. గడ్డిలో ఏది ఎపుడు ఎదురగునో యని ఆ యంత్రము ముందు కనిపెట్టుకొనియుండుటలోనే వాడు నేర్చెను. కొంతసేపటికి ఆ పిట్ట గట్టు దాటి, వెనుక నాలుగు పిల్లలతో పరుగెత్తిపోయినది. వాడు పుస్తకము తెరచి వ్రాసెను. కౌజు, పెద్దది ఒకటి, పిల్లలు నాలుగు.

కొన్ని పక్షులు మా చేని వైపు రాలేదు. పొరుగూరి గొల్లపిల్లవాడొకడు గొఱ్ఱెల వెంట తిరుగుచు, పూరేడు గ్రుడ్లు పెట్టు చోటును, నక్క నీరు త్రాగు మడుగును ఎరుగును. వానికి యంత్రము లేదు. మా వానికి ఆ చోట్లు తెలియవు. ఇద్దరును ఒప్పందము చేసికొనిరి. మధ్యాహ్నపు గంటలో సగము వానిది. తెల్లవారి నడకలో దారి చూపుట వాని పని. ఎర్రప్రతియు నీలిప్రతియు కలిసినవని నేను నవ్వుకొంటిని.

సెలవులు ముగిసి పట్నమునకు పోవునాడు వాడు పుస్తకము నాకు చూపెను. పాలపిట్ట, నెమలి, పూరేడు, జెముడుకాకి, నక్క, ముంగిస, ఉడుము మొదలుగా ముప్పదియొక్క పేర్లు. “తాతా, అగ్గిపక్షి దొరికింది గని, ఇది ఇంకా ఎంతో ఉన్నది. నూటయాభై ఒకటి కావాలంటే ఇంకా నూటయిరవై చూడాలె. దసరాకు వస్త. గప్పటిదాక నువ్వు గట్టు మీద పొదలు కొట్టనియ్యకు” అనెను.

గట్టు మీది ఆ పొదలను కొట్టించి ఎండుకట్టెలుగా అమ్ముదమని నేను పాలేరుతో చెప్పియుంటిని. మరునాడు వద్దని చెప్పితిని.

పెద్దలారా! మీ యిండ్లలోని పిల్లలను ఒక్కమారు అడుగుడు: ఏ జీవమును పట్టినావు, ఎట్లు పట్టినావు, ఏ మార్గమున పట్టినావు అని. వారు చెప్పుదురు, చెప్పువారికి వినువారే కరవు. విన్న పిమ్మట, మీకు తెలిసిన మార్గమొకటి వారికి చూపుడు. ఆ మార్గమునకు అంకె లేదు, కావలివారు లేరు, బిళ్లలు అక్కరలేదు. తెల్లవారక ముందు లేచిన చాలును.